బర్మా: రోజీ నుంచి షౌక్ దాకా

ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు జుగ్రాఫియా కితాబులో ‘బర్మా’ అనే ముల్క్ చూసి తాజ్జుబ్ పడ్డాను. మా నానా (అమ్మీ వాళ్ల అబ్బా) చేతిలోని పనిముట్టు పేరు ఒక దేశానికి ఎందుకు పెట్టారా అని. ఉర్దూలో రెంటికీ ఒకటే రాత. ‘టేకూ బర్మాదే, దానికి చిల్లు పెట్టేదీ బర్మానే’ అని నానా నవ్వేవారు.

నానా వడ్రంగి. ఆయన బర్మా అంటే ఒక కర్ర కదురు, కింద ఇనుప మొన, పైన బోర్లించిన కొబ్బరి చిప్ప. కదురుకు తాడు ఒక చుట్టు తిప్పిన కమాన్. ఎడమ చేత్తో చిప్పను అదిమిపట్టి కుడిచేత్తో కమాన్‌ను ముందుకీ వెనక్కీ లాగితే కదురు తిరిగేది. (కమాన్ అంటే ఫార్సీలో విల్లు. హైదరాబాద్ చార్ కమాన్‌లో ఉన్నదీ అదే మాట.) తలుపు ఒకటి బిగించేసరికి ఆయన భుజం పట్టేసేది. రాత్రికి అమ్మీ నూనె కాచి రుద్దేది. అది షౌక్ కాదు, రోజీ.

ఈ కమాన్ బర్మా ఎంత ఖదీమ్ అనుకున్నారు! బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి ఖబ్రస్తాన్ తవ్వితే తొమ్మిది మంది నోళ్లలో పదకొండు పళ్లకు తొలిచిన చిల్లులు కనిపించాయి. 2006లో ‘నేచర్’ పత్రిక ఈ సంగతి అచ్చేసింది. పూసలకు చిల్లులు పొడిచే హునర్‌నే పళ్లకూ వాడి ఉంటారని పరిశోధకుల అంచనా. మిస్ర్‌లో రెఖ్మిరే అనే వజీరు సమాధి గోడల మీద, సుమారు 3,400 ఏళ్ల కిందటి బొమ్మల్లో, ఒక వడ్రంగి ఇదే కమాన్ లాగుతుంటాడు. నానా చూసి ఉంటే సాటి మేస్త్రీ అని సలామ్ చెప్పేవారు.

1889లో మెల్‌బోర్న్‌లో ఆర్నాట్, బ్రెయిన్ అనే ఇద్దరు కరెంటు డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. 1895లో జర్మనీలోని ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకుని వాడే డ్రిల్లు తెచ్చింది. 1917లో అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్‌కు పిస్తోలు పిడి, ట్రిగ్గర్ స్విచ్చు ఉన్న డ్రిల్లు మీద పేటెంటు దక్కింది. ప్రాణం తీసే పట్టు చివరికి ఒక మంచి పనికి వచ్చింది. అసలు ఖిస్సా ఆ తర్వాతది. రెండో జంగ్ రోజుల్లో ఫ్యాక్టరీ కార్మికులు డ్రిల్లులు ఇళ్లకు పట్టుకెళ్తున్నారని ఆ కంపెనీ గమనించింది. అందులో వాళ్లకు చోరీ కన్నా గిరాకీ ఎక్కువ కనిపించింది. 1946లో ఇళ్ల కోసమే చవక డ్రిల్లులు తీశారు. సెలవురోజు వడ్రంగం అనే షౌక్‌కు దాంతో ఊపు వచ్చింది.

ఆ తర్వాత 40 ఏళ్లకు కూడా మా నానా కమానే లాగుతున్నారు. ఆయన పని చేసే చింతచెట్టు కిందకు కరెంటు లేదు. ఉన్నా డ్రిల్లు కొనే తాఖత్ లేదు.

షౌక్ నా వంతుకొచ్చింది. జుమేరాత్ బజార్‌లో అల్యూమినియం ఒళ్లున్న పాత డ్రిల్లు ఒకటి బేరమాడి తెచ్చాను. అమ్మినాయన ‘చాలూ హై సాబ్’ అని ఖసమ్ తిన్నాడు. ప్లగ్గు పెట్టబోయి, ఎందుకో ఆగి, విప్పి చూశాను. లోపల ఎర్త్ వైరు కత్తిరించేసి ఉంది! ఇప్పటి ప్లాస్టిక్ డ్రిల్లులకు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి మూడో వైరు అక్కర్లేదు. లోహపు ఒంటికి మాత్రం ఆ వైరే హిఫాజత్. అది లేకపోతే లోపల ఎక్కడ వైరు ఒరుసుకున్నా కరెంటు పట్టుకున్న చేతికే.

ముందు మూడు వైర్ల కేబుల్ వేశాను. కార్బన్ బ్రష్షులు గోరంత మిగిలాయి, కొత్తవి పెట్టాను. కమ్యుటేటర్ రాగి పట్టీల మీది మసిని సన్న గరుకు కాగితంతో తుడిచి, పట్టీల సందుల్లోని దుమ్మును సూదితో గీకాను. గేర్లలో గ్రీజు బెల్లంలా గడ్డకట్టింది. దాన్ని వదిలించడానికే ఒక సాయంత్రం పోయింది.

స్విచ్చు నొక్కితే ముందు నాలుగు నిప్పురవ్వలు, తర్వాత గుర్రుమని తిరిగింది. వేపపలకలో మొదటి చిల్లు క్షణాల్లో పడింది. చప్పుడుకు అమ్మీ గుమ్మంలోకొచ్చి, చిల్లునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

‘తేల్ గరమ్ కరూఁ క్యా?’ అంది నవ్వుతూ.