అడవి పలుకును పట్టిన పెట్టె

వేకువజామున పెరటిలోని వేపచెట్టుపై కోయిల కూసినపుడు రేడియో గొంతు తగ్గించి చెవియొగ్గనివారు అరుదు. ఆ కూతను పట్టి దాచుకొనవలెనని కోరువారును మనలో పలువురు కలరు. అందులకు తగిన యంత్రమేది, స్వల్పవ్యయముతో అది లభించునా యనునది వారి సందేహము. దీనికి సమాధానము అంగడిలో కంటె చరిత్రలోనే చక్కగా దొరకునని మా అభిప్రాయము. ఈ యంత్రములు ఏ కష్టము తీర్చుటకు ఏ విధముగా మారినవో తెలిసికొన్నచో, దేనికై వెల చెల్లింపవలయునో, దేనికై అక్కరలేదో తేటపడును.

ఎడిసన్ 1877వ సంవత్సరమున ఫోనోగ్రాఫును నిర్మించెను. 1881లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించిన లుడ్విగ్ కోఖ్ అను బాలునికి తండ్రి అట్టి యంత్రము నొకదానిని తెచ్చి యిచ్చెను. 1889లో ఆ బాలుడు పంజరములోని షామా పక్షి పాటను మైనపుగొట్టముపై ముద్రించెను. నిలిచియున్న పక్షిగాన ముద్రణములలో అదియే మొదటిదని చెప్పుదురు. షామా మన దేశపు అడవిపక్షి. తూర్పు కనుమలలోను నివసించును. ఆ విధముగా లోకము మొదట దాచుకొన్న పక్షిగానము భారతదేశపు పక్షిదే యగుట మనకు ముచ్చట గొలుపును. కాని ఆనాడు పక్షియే యంత్రము చెంతకు రావలసి వచ్చెను. యంత్రము అడవికి పోజాలకుండెను.

యంత్రమును అడవికి మోయుటయే తరువాతి యర్ధశతాబ్దపు కథ. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆర్థర్ అలెన్ అను పక్షిశాస్త్రవేత్త, చలనచిత్రములకు శబ్దమును జోడించు పరికరముల సాయమున 1929లో పక్షికూతలను ఫిల్ముపై ముద్రింపజేసెను. పాల్ కెలాగ్ ఆయనకు తోడ్పడెను. దూరమున నున్న పక్షి గొంతు మైకునకు సన్నగా మాత్రమే వినవచ్చుచుండుటచే, 1932లో వారు పెద్ద గిన్నెవంటి పరావర్తకమును వాడసాగిరి. అది నలుదిక్కుల చెదరిపోవు ధ్వనిని ఒకచోటికి చేర్చి మైకునకు అందించును.

1935లో వారు లూసియానా రాష్ట్రపు చిత్తడి అడవులకు పోయిరి. దంతమువంటి తెల్లని ముక్కుగల పెద్ద వడ్రంగిపిట్టను వెదకుట వారి పని. మోటారుబండి ఆ బురదలో సాగనందున, సామగ్రినంతయు కంచరగాడిదల బండిపైకి మార్చి గూటిదాపునకు చేర్చి, ఆ పిట్ట పలుకును ముద్రించిరి. తరువాత ఆ అడవిని కలపకొరకు నరికివైచిరి. అందరును అంగీకరించిన కడపటి దర్శనము 1944 నాటిది. ఆ జాతి పలుకుగా శాస్త్రజ్ఞులు నిస్సందేహముగ ఒప్పుకొనునది నేటికిని 1935 నాటి ముద్రణము మాత్రమే. ఆనాడు ఆ బండి కదలకపోయినచో, ఆ గొంతెట్టిదో మన సంతతికి తెలియకయే పోయెడిది.

ఆరుబయట ముద్రణకు మరియొక చిక్కు కలదు. అచట ఏ ధ్వనియు ఒంటరిగా రాదు. బీబీసీ వారు 1924 మే నెలలో ఇంగ్లండులోని సర్రే ప్రాంతపు తోటనుండి బియాట్రిస్ హారిసన్ అను విదుషీమణి సెల్లో వాద్యమును, నైటింగేలు గానమును కలిపి ప్రసారము చేసిరి. తోటలోని నైటింగేలును ఏటేట వినిపించుట ఆచారమయ్యెను. 1942లో అదే తోటలో పక్షి పాడుచుండగా, జర్మనీపై దాడికి పోవుచున్న బాంబరు విమానములు ఆకసమున హోరెత్తినవి. శత్రువునకు ముందుగా తెలియునను భయమున ప్రసారమును ఆపివేసిరి. ముద్రణము మాత్రము సాగెను. చిన్నపక్షి గొంతును, మహాసంగ్రామపు రొదయును ఒకే పలకపై నేటికిని వినవచ్చును. మైకునకు ఇష్టానిష్టములు లేవు. మనము వినగోరనిదియు దానికి వినబడును.

ఇక భారము తగ్గిన విధము చూతము. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున మాగ్నెటోఫోన్ అను టేపుయంత్రము వెలువడెను. స్విట్జర్లండులో స్తెఫాన్ కుదెల్‌స్కీ 1951లో భుజమున వ్రేలాడదీయదగిన నాగ్రా యంత్రమును నిర్మించెను. పోలిషుభాషలో ఆ మాటకు ‘ముద్రించును’ అని యర్థము. రేడియోవారును, చలనచిత్రములవారును, పక్షిశాస్త్రజ్ఞులును దానిని మెచ్చిరి గాని, దాని వెల సామాన్య గృహస్థునకు అందునది కాదు. 1963లో ఫిలిప్స్ వారు కాసెట్టును వెలువరించినపుడు టేపు ఇంటింటికి వచ్చెను. అయితే కాసెట్టు మాటలను ముద్రించుటకై పుట్టినది. ఇరుకైన టేపు మెల్లగా నడచుటచే అందొక బుసధ్వని యుండెడిది. కీచురాయి సన్నని పలుకు ఆ బుసలో కలిసిపోయెడిది. తరువాత సంఖ్యారూపమున ముద్రించు యంత్రములు వచ్చి టేపును, దానిని త్రిప్పు చక్రములను తొలగించినవి. నేడు అరచేతిలో ఇమిడెడి పెట్టె, గోరంత కార్డుపై గంటలకొలది ధ్వనిని నిలుపుచున్నది.

ఈ చరిత్రనుండి కొనుగోలుదారు గ్రహింపదగిన దేమి? ముద్రించు భాగము నేడు చౌక యంత్రములలోను చాలవరకు చక్కగానే యుండును. కార్నెల్ వారిని, కాసెట్టు వారిని బాధించిన చిక్కులు మాత్రము తీరలేదు. అవి యంత్రపు సొంత బుస, గాలి, దూరము.

మొదటిది బుస. సభలో ప్రసంగమును ముద్రించుటకు ఏ యంత్రమైనను చాలును. అడవి నిశ్శబ్దమునకు చాలదు. కావున కొనుటకు ముందు నిశ్శబ్దమైన గదిలో యంత్రమును ముద్రింపనిచ్చి, చెవిఫోనుతో దాని సొంత రొదను వినిచూడవలయును. వేరొక మైకును తగిలించు రంధ్రమున్నచో, డబ్బు చేకూరినపుడు మంచి మైకును మాత్రము కొనుకొనవచ్చును. ధ్వనిస్థాయిని చేతితో నిలుపు ఏర్పాటును ఉండవలయును. యంత్రమే దానిని సవరించునెడల, పక్షి మౌనము వహించిన ప్రతిసారి బుస పైకి లేచును.

రెండవది గాలి. మైకుపై బొచ్చుతొడుగు లేనిచో వేయి రూపాయల యంత్రమును, లక్ష రూపాయల యంత్రమును ఒక్కతీరుననే గాలిహోరును ముద్రించును. తొడుగు వెల స్వల్పము, ఫలము మిక్కుటము.

మూడవది దూరము. ఆరుబయట దూరము సగమైనచో ధ్వని తీవ్రత నాలుగింతలగును. ఇరువది మీటర్ల దూరమునుండి పదిమీటర్లకు చేరుట ఖర్చులేని లాభము. అయితే గూటిని బెదరగొట్టకుండ, యంత్రమును ముందుగనే చెట్టు మొదట నుంచి తొలగిపోవుట మేలు. ఈ మూడును చూచుకొన్నవారు యంత్రపు ఇతర అలంకారములకై ధనము వెచ్చింప నక్కరలేదు.

ఇది వట్టి వినోదమా యని యడుగువారికి మన కడప జిల్లా కలివికోడియే సమాధానము. జెర్డన్ దొర 1848లో గుర్తించిన ఈ పక్షి 1900 తరువాత కనబడక, నశించినదని తలపబడెను. 1986లో స్థానికుల తోడ్పాటుతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దానిని తిరిగి కనుగొనిరి. ముళ్లపొదలలో రాత్రివేళ తిరుగాడు దానిని కంటితో చూచుట దుర్లభము. దాని కూత ముద్రణము 2004లో ప్రకటితమైన పిమ్మట, సంజచీకటిలో ఆ కూతను వినిపించి బదులు వచ్చునేమో యని వెదకుట సాధ్యమయ్యెను. కంటికి చిక్కనిదానిని చెవి పట్టియిచ్చెను. అది నేటికిని అంతరించు అపాయమున నున్న పక్షి.

కావున యంత్రము చిన్నదని సంకోచింపవలదు. ముద్రించిన వెంటనే ఊరు, తేది, వేళ, చుట్టునున్న చెట్టుచేమలను మీ గొంతుతోనే చెప్పి అందు చేర్చుడు. ఆ నాలుగు మాటలు లేని ముద్రణము చిరునామా లేని ఉత్తరము వంటిది. మన చెరువుగట్టు కప్పల బెకబెకలు, తాటితోపులోని గిజిగాళ్ల కిచకిచలు నేడు ఉచితముగా వినబడుచున్నవి. చెరువులు పూడి, తోపులు తరిగిన యూళ్లలో రేపు వానిని వినగోరు మనుమలకు మన పెట్టెయే దిక్కు కావచ్చును.