పుంజాల లెక్కలో కొన్న బట్ట

రామతీర్థం సీతారాముల కల్యాణానికి కట్టుకునే పంచె కోసం ఒకప్పుడు విజయనగరం బజారుకు వెళ్లేవారు. నికార్సైన ఖద్దరే కావాలనుకున్నవాళ్లకు నెల్లిమర్లలో రైలెక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. ఇప్పుడు అదే పంచె ఫోనులో దొరుకుతోంది. అంచు రంగు ఎంచుకుని పిన్‌కోడ్ కొడితే రామతీర్థంలో నీలాచలం కొండ కిందికే వస్తుంది. వేలితో నలిపి చూడకుండా బట్టెలా కొంటారని పెద్దవాళ్లు అడుగుతారు. సబబైన ప్రశ్నే. కాకపోతే చూడకుండా కొనే బట్టల బేరం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. అప్పట్లో మనం అమ్మేవైపు ఉన్నాం, అంతే తేడా.

ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్నంలో కొఠీ పెట్టింది. భీమునిపట్నంలో డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. వీళ్లను ఇక్కడికి రప్పించిన సరుకుల్లో ముఖ్యమైనది నేతగుడ్డ. లండన్‌లో కూర్చుని ఆర్డరు రాసే కంపెనీ పెద్దలు మన మగ్గం ముఖం చూసినవాళ్లు కారు. వాళ్ల జాబితా ఓడలో వచ్చేది, సరుకు ఓడలో వెళ్లేది, మధ్యలో నెలలకు నెలలు గడిచిపోయేవి. అంత దూరపు బేరాన్ని నడిపినవి రెండు: మచ్చుగుడ్డ, పుంజం లెక్క.

పడుగులో 120 పోగులైతే ఒక పుంజం. 14 పుంజాల గుడ్డ అంటే పన్నాలో 1,680 పోగులు. 36 పుంజాలదైతే 4,320. పన్నా అంతే ఉండి పుంజాలు పెరిగాయంటే నూలు అంత సన్నం, నేత అంత చిక్కన, ధర అంత ఎక్కువ. 40 పుంజాలు దాటిన గుడ్డలు కూడా ఈ తీరం నుంచి వెళ్లాయి. పొడవు, వెడల్పు, పుంజం ఈ మూడూ కాగితం మీద పడితే గుడ్డను చూడని మనిషికీ ఏం రాబోతోందో తెలిసేది.

రిటర్నులూ అప్పుడే ఉన్నాయి. కొఠీలో ప్రతి తానునూ మచ్చుతో సరిచూసేవారు. తగ్గిందంటే ధర కోసేవారు, లేదా వెనక్కి తోసేవారు. సాలెవాడు బయానా ముందే తీసుకుని ఉంటాడు, అది నూలుకీ తిండికీ ఖర్చయిపోయి ఉంటుంది. తిరిగొచ్చిన తానుతో పాటు అప్పూ అతని గుమ్మంలోకే వచ్చేది. ‘ఉచిత రిటర్న్’ అన్న మాట చూసినప్పుడల్లా ఆ ఖర్చు ఇప్పుడు ఎవరి గుమ్మంలో పడుతోందో ఆలోచించడం మంచిది.

1833 చట్టంతో కంపెనీ వ్యాపారం మూతపడింది. ఆలోగానే మాంచెస్టర్ మిల్లు గుడ్డ మన సంతల్లోకి వచ్చేసి, మనం కొనేవైపు చేరాం. దూరం నుంచి కొనేవాళ్ల కోసం 1877లో తపాలా శాఖ వీపీపీ మొదలుపెట్టింది. పోస్టుమ్యాన్ పార్సిల్ ఇచ్చి డబ్బు వసూలు చేసుకుంటాడు, అది అమ్మినవాడికి చేరుతుంది. 2010లో ఫ్లిప్‌కార్ట్ తెచ్చిన క్యాష్ ఆన్ డెలివరీ చేసింది కూడా ఇదే పని. అన్నట్టు, 2007లో ఆ కంపెనీకి తొలి ఆర్డరు వెళ్లింది మన మహబూబ్‌నగర్ నుంచి. కొన్నది చొక్కా కాదు, పుస్తకం. పుస్తకానికి కొలతల గొడవ లేదు కదా! బట్టలు తర్వాత వచ్చాయి. బహుమతి వస్తువులు అమ్ముతూ మొదలైన మింత్రా పూర్తిగా ఫ్యాషన్ వైపు తిరిగాక, 2014లో ఫ్లిప్‌కార్ట్ దాన్ని కొనేసింది.

చొక్కాకు ఆన్‌లైన్‌లో చిక్కంతా సైజుతోనే. ఒక కంపెనీ 40 ఇంకో కంపెనీ 42 అవుతుంది. మన ఒళ్లకు మన సైజుల పట్టిక తయారు చేయాలని నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని కొలిచే పని పెట్టుకుంది. పంచెకు ఆ బాధ లేదు. నడుము 30 అయినా 44 అయినా కట్టులో సర్దుకుంటుంది. దూరం నుంచి తెప్పించుకోవడానికి ఇంతకంటే అనువైన మగబట్ట లేదనే నా అభిప్రాయం.

అయితే పంచెకు వేరే చిక్కుంది. అది పొందూరుదేనా?

పొందూరులో పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస నలకను పట్టేసి పీచును నిఠారుగా చేస్తుంది. గింజ తీసి, ఏకి, ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. వడికేది ఆడవాళ్లే. నూలు 100 నంబరు దాకా పోతుంది. 100 నంబరంటే ఒక పౌను నూలు విప్పితే 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. విజయనగరం నుంచి విశాఖ చేరినా ఇంకా పోగు మిగులుతుంది. ఈ నేత సంగతి విని గాంధీజీ 1921 ప్రాంతంలో కొడుకు దేవదాస్‌ను చూసి రమ్మని పంపారు. ఊళ్లోని ఖాదీ సంఘం భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. అక్కినేని నాగేశ్వరరావు పంచెకట్టు వల్ల సినిమా చూసేవాళ్లకూ ఊరి పేరు తెలిసింది.

పేరున్నచోట నకిలీ తప్పదు. 1956 చట్టం ప్రకారం చేత్తో వడికిన నూలుతో చేమగ్గం మీద నేసినదే ఖాదీ. మిల్లు నూలుతో నేస్తే అది మంచి చేనేత కావచ్చు, ఖాదీ మాత్రం కాదు. 2013 నిబంధనలతో ఖాదీ మార్కు వచ్చింది. 2020లో ఖాదీ కమిషన్ పట్టుబడితే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ ఖాదీ పేరుతో వేరే సరుకు అమ్ముతున్న 160కి పైగా లింకులను తీసేశాయి. కమిషన్ ఆ ఏడాదే తానూ ఆన్‌లైన్ అమ్మకాల్లోకి దిగింది.

ఇవాళ ఒక పంచె పేజీ తెరిస్తే కండలు తిరిగిన మోడల్ కనిపిస్తాడు, ‘పండగ కళ’ అని రాసి ఉంటుంది. నూలు నంబరు ఉండదు, అంగుళానికి ఎన్ని పోగులో ఉండదు, వడికింది చెయ్యో మిల్లో ఒక్కోసారి అదీ ఉండదు. పుంజాల లెక్క అడిగి తీసుకున్న కంపెనీ గుమాస్తాకు ఇంతకంటే ఎక్కువే తెలుసు. కొనేముందు అమ్మేవాడికి ఒక ప్రశ్న పంపండి: నూలు ఎన్నో నంబరు, వడికింది ఎక్కడ? నిజంగా పొందూరు సరుకు అమ్మేవాడికి అది నోటికొచ్చిన లెక్కే.