వ్యవసాయ విస్తరణ కార్యక్రమాల ప్రణాళిక, ఫలితాల నివేదన

పరిశోధన కేంద్రంలో తేలిన విషయాన్ని రైతు పొలం దాకా చేర్చడం, పొలంలో ఎదురైన చిక్కును తిరిగి శాస్త్రవేత్త దగ్గరికి తీసుకురావడం వ్యవసాయ విస్తరణ పని. ఏ గ్రామంలో, ఏ రైతులతో, ఏ మార్పు కోసం ఈ పని చేయాలో ముందుగా తేల్చుకోవడం కార్యక్రమ ప్రణాళిక. సీజను ముగిశాక నిజంగా ఏం మారిందో ఆధారాలతో చెప్పడం ఫలితాల నివేదన. కార్యాలయంలో ఈ రెండింటికీ వేర్వేరు దస్త్రాలు ఉంటాయి కానీ రెండోదాని తలరాత మొదటిదానిలోనే ఉంటుంది. విత్తనానికి ముందు రైతు ఏం చేస్తున్నాడో, ఎంత పండిస్తున్నాడో రాసిపెట్టుకోని కార్యక్రమానికి పంట ఇంటికొచ్చాక చూపించడానికి హాజరు పట్టిక, ఫొటోలు తప్ప ఏమీ మిగలవు.

నేపథ్యం

అమెరికాలో 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం వ్యవసాయ విశ్వవిద్యాలయాల ద్వారా విస్తరణ సేవలకు పునాది వేసింది. అక్కడ ఖర్చుకు జవాబుదారీతనం అడగడం క్రమంగా పెరిగింది. ప్రభుత్వ విభాగాలన్నీ ఫలితాలు చూపాలని 1993లో ఒక చట్టం వచ్చింది. విస్తరణ నిధులు తీసుకునే విశ్వవిద్యాలయాలు ముందుగా పని ప్రణాళిక సమర్పించాలని 1998లో మరో చట్టం నిర్దేశించింది.

భారతదేశంలో 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి కార్యక్రమం మొదలైంది. దాని మంచిచెడ్డలు చూడటానికి అదే ఏడాది ప్రణాళికా సంఘం కార్యక్రమ మూల్యాంకన సంస్థను ఏర్పాటు చేసింది. పథకంతో పాటే దాన్ని కొలిచే సంస్థ కూడా పుట్టడం ఆ కాలానికి చెప్పుకోదగ్గ విషయమే. 1953లో జాతీయ విస్తరణ సేవ వచ్చింది, ఊళ్లకు గ్రామసేవకులు వచ్చారు. 1960-61లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకానికి తొలి విడతలో ఎంపికైన జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. జనం దీన్ని ప్యాకేజీ పథకం అనేవారు. విత్తనం, ఎరువు, అప్పు, సలహా అన్నీ కలిపి ఇవ్వడం, రైతువారీగా సాగు ప్రణాళిక రాయడం, పంట కోత ప్రయోగాలతో దిగుబడిని అంచనా వేయడం ఇందులో భాగాలు.

1974 నుంచి చంబల్ ఆయకట్టులో డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ, సందర్శన పద్ధతి అమలైంది. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో అది చాలా రాష్ట్రాలకు విస్తరించింది. విస్తరణాధికారి పదిహేను రోజులకోసారి నిర్ణీత రోజున నిర్ణీత ఊరికి వెళ్లి, ఎంపిక చేసిన రైతులను కలవాలి. ప్రణాళికగా చూస్తే ఇంత శుభ్రమైనది మరొకటి లేదు. అయితే వెళ్లాడా లేదా అన్నది లెక్కపెట్టడం తేలిక, వెళ్లినందువల్ల చేనులో ఏం మారిందన్నది లెక్కపెట్టడం కష్టం. సహజంగానే నివేదికలు తేలికైన లెక్క వైపే ఒరిగాయి.

బెనెట్ మెట్లు

విస్తరణ ఫలితాలను ఏ స్థాయిలో చూడాలన్న ప్రశ్నకు క్లాడ్ బెనెట్ 1975లో ఏడు మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. ఇప్పటికీ ఈ రంగంలో ఎక్కువగా వాడుకలో ఉన్న చట్రం అదే. వరిలో సుడిదోమ నివారణకు తీసే కాలిబాటలతో దాన్ని చూడవచ్చు. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలన్నది తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉన్న సిఫార్సు. దీనికోసం పెట్టే డబ్బు, సిబ్బంది సమయం మొదటి మెట్టు. శిక్షణ తరగతి, ప్రదర్శన రెండోది. ఎవరెవరు, ఎందరు వచ్చారన్నది మూడోది, వచ్చినవాళ్లకు అది ఎలా అనిపించిందన్నది నాలుగోది. అయిదో మెట్టులో మనిషిలో వచ్చే మార్పు ఉంటుంది: గాలి, వెలుతురు తగిలితే దోమ ఎందుకు తగ్గుతుందో తెలియడం, దానిమీద నమ్మకం కుదరడం, తాడు పట్టి బాట తీయడం చేతకావడం, చేసి చూద్దామన్న కోరిక పుట్టడం. ఆరోది ఆచరణ, అంటే మడిలో కాలిబాట కనబడటం. ఏడోది మందు ఖర్చు తగ్గడం, దిగుబడి నిలబడటం, ఆదాయం.

మొదటి నాలుగూ కార్యాలయంలో కూర్చుని రాయవచ్చు. అయిదో మెట్టుకు రైతుతో మాట్లాడాలి, ఆరోదానికి గట్టు మీద నిలబడాలి. అయిదు దాటి ఆరుకు చేరకపోవడానికి రైతు అజ్ఞానమే కారణం కానక్కర్లేదు. ఎకరానికి ఇంతని గుత్తకు నాట్లు వేసే ముఠాకు కాలిబాట అదనపు పని. శిక్షణ పొందింది రైతు, మడిలో వంగింది కూలీలు. ముఠా మేస్త్రీని పిలవకుండా వేసిన ప్రణాళిక ఇక్కడే ఆగిపోతుంది. ఆ సంగతి హాజరు సంఖ్యలో ఎక్కడా కనబడదు.

1995లో బెనెట్, కే రాక్‌వెల్ కలిసి ఇవే మెట్లను ప్రణాళికకు తిప్పి చూపించారు. ప్రణాళిక వేసేటప్పుడు పై మెట్టు నుంచి కిందికి దిగాలి: ముందు కావలసిన ఫలితం, దానికి అవసరమైన ఆచరణ, ఆ ఆచరణకు కావలసిన తెలివిడి, చివరన శిక్షణ. మూల్యాంకనంలో కింది నుంచి పైకి ఎక్కాలి. మామూలుగా జరిగేది వేరు. బడ్జెట్ ఎంతుందో చూసి శిక్షణల సంఖ్య రాసి, ఫలితాన్ని ఆఖరున అతికిస్తారు.

జిల్లా స్థాయి ప్రణాళిక

వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ, అంటే ఆత్మ, 1998 తర్వాత ఏడు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా నడిచింది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2005-06లో పథకం ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఇందులో కీలకం వ్యూహాత్మక పరిశోధన, విస్తరణ ప్రణాళిక. జిల్లాను నేల, వాన, నీటి వసతిని బట్టి విభజించి, ప్రతి భాగానికీ ప్రతినిధి గ్రామాలను ఎంచి, రైతులతో కూర్చుని పంటవారీగా సిఫార్సుకూ ఆచరణకూ మధ్య ఎడం ఎంతో, ఎందుకో రాస్తారు. పద్ధతిగా చేస్తే ఇంతకు మించిన తొలి లెక్క దొరకదు. నివేదిక రాసే రోజున కూడా దాన్ని తెరిస్తేనే ఆ శ్రమకు అర్థం.

కృషి విజ్ఞాన కేంద్రాలది మరో దారి. తొలి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో ఏర్పడింది. ప్రతి కేంద్రానికీ రైతులు, అధికారులు, శాస్త్రవేత్తలతో శాస్త్రీయ సలహా సంఘం ఉంటుంది. వార్షిక కార్యాచరణ ప్రణాళిక దాని ముందుకు వస్తుంది. తెలుగు రాష్ట్రాల కేంద్రాలను హైదరాబాద్‌లోని వ్యవసాయ సాంకేతిక అనువర్తన పరిశోధన సంస్థ, అంటే అటారి, సమన్వయం చేస్తుంది.

కొత్త రకాన్నో పద్ధతినో శాస్త్రవేత్తల పర్యవేక్షణలో రైతు పొలంలోనే పండించి చూపడాన్ని ప్రథమ శ్రేణి ప్రదర్శన అంటారు. ఈ కేంద్రాలు వేసే అలాంటి ప్రదర్శనల ఫలితాలకు మూడు కొలతలు స్థిరపడ్డాయి. లెక్క కోసం, ఒక కంది రకం హెక్టారుకు 20 క్వింటాళ్లు ఇవ్వగలదనుకుందాం. ప్రదర్శన క్షేత్రంలో 15, పక్క రైతు పద్ధతిలో 12 వచ్చాయి. 20కీ 15కీ మధ్య ఉన్న 5 క్వింటాళ్లు సాంకేతిక అంతరం, 15కీ 12కీ మధ్య ఉన్న 3 క్వింటాళ్లు విస్తరణ అంతరం. సాంకేతిక అంతరాన్ని రకం సామర్థ్యంతో భాగించి వందతో గుణిస్తే సాంకేతిక సూచిక 25 శాతం. విస్తరణ అంతరం పెద్దదైతే ప్రచారం చాలలేదని, సాంకేతిక అంతరం పెద్దదైతే ఆ రకం ఆ నేలకు కుదరలేదేమోనని అనుమానించాలి. ప్రదర్శన రైతుకు విత్తనం ఉచితంగా అందుతుంది, శాస్త్రవేత్త తరచూ వచ్చి చూస్తాడు. అందుకే ఆ ఏడాది దిగుబడి కన్నా, మరుసటి ఏడాది సొంత డబ్బుతో ఎందరు అదే పద్ధతి కొనసాగించారన్నది గట్టి సాక్ష్యం.

మార్పు దేనివల్ల?

వాన బాగా కురిసిన ఏడాది ఏ కార్యక్రమమైనా విజయవంతంగానే కనిపిస్తుంది. కార్యక్రమం లేని పోలికైన ఊళ్లను కూడా ముందూ తర్వాతా కొలిస్తేనే తేడా ఎవరి ఖాతాలోదో తెలుస్తుంది. కెన్యాలో శిక్షణ, సందర్శన పద్ధతి పెట్టుబడికి చాలా ఎక్కువ ప్రతిఫలం ఇచ్చిందని తొలి అధ్యయనం చెప్పింది. అవే గణాంకాలను గౌతమ్, ఆండర్సన్ 1999లో తిరిగి పరిశీలించి, ప్రాంతాల మధ్య సహజంగా ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకుంటే ఆ ఫలితం నిలవదని తేల్చారు. ఇండోనేషియాలో 1989లో వరి చేలలో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలు మన పొలంబడికి మూలం. వాటిలో చదివిన రైతుల దిగుబడిలో గానీ మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ మార్పు లేదని 2004లో ఒక అధ్యయనం ప్రకటించింది. అంత సంకుచితంగా కొలవకూడదని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

నివేదికలో ఎవరు?

ఆత్మ మార్గదర్శకాలు కనీసం 30 శాతం వనరులను మహిళా రైతుల కార్యక్రమాలకు కేటాయించాలంటాయి. కాబట్టి ఆ సంఖ్య నివేదికల్లోకి వస్తుంది. కౌలు రైతు అంత తేలికగా రాడు. పట్టాదారు పాసుపుస్తకం ఆధారంగా జాబితా తయారుచేస్తే శిక్షణ భూయజమాని పేరున నమోదవుతుంది, సాగు మరొకరు చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డులు, 2019 చట్టం కింద ఇస్తున్న సాగుదారు హక్కు పత్రాలు, ఏ చేనులో ఏ పంట ఎవరు వేశారో రాసే ఇ-పంట నమోదు చేనులో ఉన్న మనిషిని పట్టుకునే ఆధారాలు. విస్తరణ కార్యక్రమం లబ్ధిదారుల జాబితాను వీటితో సరిచూసుకుంటే, ఆచరణ మారిందా లేదా అని అడగవలసిన మనిషి ఎవరో ముందు తెలుస్తుంది.