ముద్రాచిత్రములు – నవ్యసంప్రదాయ స్త్రీవేషము

క్రీ.శ. 18వ శతాబ్ది చివరి దశకమున ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములందలి సంపన్నస్త్రీల వేషము చాలవఱకు మాఱినది. బిగువైన పట్టు ఉడుపులు, వానిని ఉబ్బుగ నిలుపు చట్రములు వెనుకబడి, గ్రీకు శిల్పములను తలపించు తెల్లని పలుచని వస్త్రములు, ఱొమ్మునకు దిగువనే బిగించు నడికట్టు ప్రచారమునకు వచ్చినవి. దీనినే నవ్యసంప్రదాయ వేషమందురు. ఈ మార్పు చరిత్రకు నాటి తామ్రఫలక ముద్రాచిత్రములు ముఖ్యాధారములు. అయితే వానిని ఎంతవఱకు విశ్వసింపవచ్చును?

ఈ చిత్రములు ప్రధానముగ రెండు తెగలు. మొదటివి వేషపత్రికలలోనివి. నికొలాస్ హైడెలాఫ్ లండనున 1794 మొదలు 1803 వఱకు 'గాలరీ ఆఫ్ ఫాషన్' ప్రకటించెను. పారిసునందు 1797లో వెలసిన 'జూర్నాల్ దె దామ్ ఎ దె మోద్' 1839 వఱకు సాగినది. ముద్రించిన బొమ్మలకు చేతితో రంగులు వేసెడివారు. పాఠకుల నాకర్షించుట వీని లక్ష్యము. రెండవ తెగ వ్యంగ్యచిత్రములు. జేమ్స్ గిల్రే 1796లో ప్రకటించిన 'ది ఫాషనబుల్ మామా'లో ఒక తల్లి విహారమునకు అలంకరించుకొని, వెలుపల బండి వేచియుండగా, దాది పట్టుకొనిన శిశువునకు ఉడుపు చీలికనుండి పాలిచ్చుచుండును. వెనుక గోడపై మాతృప్రేమను చాటు పటమొకటి వ్రేలాడుచుండును.

ఒకటి మెప్పించుటకు, వేఱొకటి పరిహసించుటకు పుట్టినవి. కావున ఏదియు తటస్థసాక్షి కాదు. కాని ప్రతిపక్షు లిరువురును అంగీకరించిన విషయము బలమైన సాక్ష్యమగును. నడికట్టు ఎత్తు, తలపై నిలిచిన ఈకలు రెండు తెగలందును కానవచ్చును గాన వానిని యథార్థములుగ గ్రహింపవచ్చును. ఒక తెగయందే కనబడు విశేషములను మాత్రము, నేటికి మిగిలియున్న ఉడుపులతో పోల్చిచూడక సిద్ధాంతీకరింపరాదు.

ఈ పద్ధతికిని ఒక హద్దు కలదు. చిత్రమునందలి తెల్లని వస్త్రము ఢాకా సాలెవాడు నేసిన మస్లినో, 1779లో శామ్యూల్ క్రాంప్టన్ కనిపెట్టిన యంత్రముపై వడికిన నూలుతో ఇంగ్లండున తయారైనదో ఆ బొమ్మ చెప్పజాలదు. భుజముపై శాలువ కాశ్మీరమునుండి వచ్చినదో, నార్విచ్ నగరమున చేసిన అనుకరణమో అదియు తెలుపదు. ఆ యంత్రపు నూలు పోటీయే బెంగాలు నేతగాండ్ర జీవనమును దెబ్బతీసిన కారణములలో నొకటి. కనుక మనకు ఈ భేదము స్వల్పము కాదు. వేషపు ఆకారమును చిత్రములందు వెదకుడు. వస్త్రపు పుట్టుకను వర్తకుల లెక్కలందు వెదకవలెను.