హెలికాప్టర్ తరిమిన మొక్క

గంజాయి ఎండకు ఏపుగా పెరిగే మొక్క. ఆరుబయట వదిలేస్తే ఒక్క సీజనులో మనిషి ఎత్తు దాటిపోతుంది. అలాంటిదాన్ని కారు షెడ్డులోనో, బట్టల అలమరలోనో, జిప్పు వేసిన గుడారంలోనో పెట్టి, నెత్తిన దీపం వేలాడదీసి పెంచాలన్న ఆలోచన వ్యవసాయంలోంచి పుట్టింది కాదు. అమెరికాలో పోలీసులు దాన్ని ఇంట్లోకి తరిమారు.

1960లలో అమెరికా కుర్రకారు కాల్చిన గంజాయిలో చాలా భాగం మెక్సికోదే. 1970లలో అమెరికా సాయంతో మెక్సికో ఆ తోటల మీద పారాక్వాట్ అనే కలుపుమందు చల్లించింది. మందు అంటిన సరుకే సరిహద్దు దాటి వస్తోందని 1978లో గగ్గోలు పుట్టింది. మెక్సికో సరుకంటే జనం జంకారు. కాలిఫోర్నియా ఉత్తరాన హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ కౌంటీల కొండల్లో సాగు ఊపందుకుంది. 1983 నుంచి వాటి మీద ప్రభుత్వ హెలికాప్టర్లు తిరగసాగాయి.

కోర్టులు కూడా ఆకాశం వైపే మొగ్గాయి. బయలు పొలంలోకి వెళ్లడానికి పోలీసులకు వారంటు అక్కర్లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. సిరావోలో అనే ఆయన పెరటి చుట్టూ పదడుగుల కంచె కట్టుకున్నాడు. వెయ్యి అడుగుల ఎత్తున విమానంలోంచి చూస్తే తప్పు లేదని 1986లో తీర్పు. ఫ్లోరిడాలో రైలీ అనే మరొకాయన గ్రీన్‌హౌస్ కప్పుకు రెండు పలకలు ఊడిపోయాయి. 400 అడుగుల ఎత్తులో తిరిగిన హెలికాప్టరుకు ఆ సందు చాలింది. అదీ సబబేనని 1989లో తేల్చారు. ఇక మిగిలింది సందుల్లేని కప్పు.

ఇంటి సాగుకు కావలసిన సరంజామా అప్పటికే సిద్ధంగా ఉంది, అదీ వేరే పనుల కోసం. పగటి నిడివిని బట్టి కొన్ని మొక్కలు పూతకొస్తాయని 1920లో ప్రకటించినవారు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్. ఆర్లింగ్టన్‌లో పొగాకు, సోయా మొక్కలను పొద్దు వాలకముందే చీకటి పాకలోకి చేర్చి వాళ్లు ఆ సంగతి కనిపెట్టారు. గంజాయి కూడా పగలు కురచైతే పూసే జాతే. వీధి దీపాలుగా వచ్చిన సోడియం దీపాలు సూర్యుడి పని చేశాయి. హిందూకుష్ నుంచి యాత్రికులు తెచ్చిన పొట్టి రకాల విత్తనాలు గది ఎత్తుకు సరిపోయాయి. నెదర్లాండ్స్‌లో స్థిరపడిన నెవిల్ షూన్‌మేకర్స్ సంకర విత్తనాలకు అమెరికా పత్రికల్లో ప్రకటనలిచ్చి, టపాలో అమ్మేవాడు.

ప్రకటనలు పోలీసులూ చదివారు. 1989 అక్టోబరు 26న మాదకద్రవ్య నిరోధక సంస్థ డీఈఏ 46 రాష్ట్రాల్లో తోట పరికరాల కొట్ల మీద ఒకేసారి విరుచుకుపడింది. కొన్నవాళ్ల చిరునామాలు పట్టుకుని ఇళ్ల మీదికీ వెళ్లింది. ఆర్కిడ్లు పెంచుకునేవాళ్లూ దీపాలు కొనేది ఆ కొట్లలోనే.

దీపం వేడి పుట్టిస్తుంది, వేడి గోడ దాటుతుంది. 1992 జనవరి 16, తెల్లవారుజామున మూడు దాటింది. ఆరెగాన్ రాష్ట్రం ఫ్లోరెన్స్ ఊళ్లో ఒక ఏజెంటు వీధికి అవతల కారులో కూర్చుని, డానీ కైలో ఇంటి వైపు థర్మల్ కెమెరా తిప్పాడు. గ్యారేజీ కప్పు, పక్క గోడ మిగతా ఇంటికన్నా వేడిగా కనిపించాయి. దానికి కరెంటు బిల్లులు జతచేసి వారంటు తెచ్చారు. లోపల వందకు పైగా మొక్కలు దొరికాయి.

కేసు తొమ్మిదేళ్లు నడిచింది. 2001లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో వారంటు లేకుండా ఇంటి వేడి కొలవడం చెల్లదంది. తీర్పు రాసింది సంప్రదాయవాదిగా పేరున్న స్కాలియా; ఉదారవాది స్టీవెన్స్ విభేదించాడు. ఇంటావిడ రాత్రి ఎన్నింటికి స్నానం చేస్తుందో కూడా ఆ యంత్రం పట్టేయగలదన్నది స్కాలియా అభ్యంతరం. గంజాయి మీద జరిగిన పోరాటం అమెరికన్లందరి పడకగదికీ రక్షణ తెచ్చిపెట్టిందన్నమాట. ఆ యుద్ధం మొదలుపెట్టినవాళ్లు ఇది ఊహించి ఉండరు.

లోపల మెరిసే పూతతో రెడీమేడ్ గుడారాలు మార్కెట్ నిండా వచ్చింది ఆ తర్వాతే. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు గంజాయిని చట్టబద్ధం చేసినా మొక్క మళ్లీ పూర్తిగా ఎండలోకి రాలేదు. దేశం వాడే కరెంటులో ఒక శాతం ఈ ఇంటి సాగుకే పోతోందని పరిశోధకుడు ఇవాన్ మిల్స్ అదే ఏడాది లెక్క కట్టాడు.

మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరమే. పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష పడవచ్చు. విశాఖ మన్యంలో దొంగసాగు కొండవాలు పొలాల్లోనే సాగింది. అయినా 2018లో హైదరాబాద్ మణికొండలో ఒక ఫ్లాటులో 40 దాకా కుండీలు, వాటికి దీపాలు, ఏసీ పోలీసులకు దొరికాయి. మణికొండ ఎండ ఎరిగినవాళ్లకు ఆ దీపాల ఖర్చు వింతగానే తోచి ఉంటుంది.