మందులకు లొంగని క్షయ

మందులకు లొంగని క్షయ అనగా సాధారణ మందులను తట్టుకొనగల క్షయ క్రిముల వలన కలిగే వ్యాధి. క్షయ చికిత్సకు ఆధారమైన ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయకపోతే దానిని బహుళ ఔషధ నిరోధక క్షయ (ఎం.డి.ఆర్. టీబీ) అంటారు. 2014-16లో భారతదేశంలో జరిగిన జాతీయ సర్వేలో ఇది కొత్త రోగులలో 2.84 శాతం మందికి, పూర్వం చికిత్స పొందినవారిలో 11.62 శాతం మందికి ఉన్నట్లు తేలింది.

కారణాలు

క్షయ క్రిములలో సుమారు పది లక్షలకు ఒకటి ఐసోనియజిడ్‌ను సహజంగానే తట్టుకోగలదు. ఒకే మందు వాడితే మిగిలినవి చచ్చి, ఆ ఒక్కటి వృద్ధి చెందుతుంది. స్ట్రెప్టోమైసిన్‌పై బ్రిటన్‌లో జరిగి, 1948లో ప్రచురితమైన పరిశోధనలోనే ఇది బయటపడింది. అందుచేతనే నాలుగు మందులను కలిపి ఇస్తారు. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స అవసరం. రెండు నెలలకే దగ్గు తగ్గిందని మందులు మానివేయడం, తప్పు మోతాదు, మందుల కొరత నిరోధకతకు దారితీస్తాయి. ఇలా తయారైన క్రిములు గాలి ద్వారా ఎన్నడూ మందు వాడనివారికి కూడా సోకుతాయి. కనుక ప్రతి రోగిదీ నిర్లక్ష్యమే అనుకోవడం పొరపాటు.

నిర్ధారణ

సూక్ష్మదర్శినితో కళ్ళెను పరీక్షిస్తే క్రిములు కనబడతాయి గాని అవి ఏ మందుకు లొంగవో తెలియదు. క్రిములను పెంచి పరీక్షించడానికి వారాలు పడుతుంది. సీబీనాట్ యంత్రం రిఫాంపిసిన్ నిరోధకతను సుమారు రెండు గంటలలో తెలుపుతుంది.

తెలుగునాట

మందులు లేని కాలంలో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానిటోరియంలో విశ్రాంతి, మంచి గాలి, పోషకాహారమే ప్రధాన చికిత్స. తరువాతి కాలంలో హైదరాబాదు ఎర్రగడ్డలోని ఛాతీ వైద్యశాల, విశాఖపట్నంలోని ఛాతీ వ్యాధుల ఆసుపత్రి ముఖ్య చికిత్సా కేంద్రాలయ్యాయి. నిరోధక క్షయకు ప్రభుత్వ చికిత్స 2007లో గుజరాత్, మహారాష్ట్రలలో మొదలై, 2013 నాటికి దేశమంతటా విస్తరించింది.

చికిత్సలో సమస్యలు

పాత చికిత్స రెండేళ్ళ వరకు సాగేది. నెలల తరబడి ఇచ్చే కనామైసిన్ ఇంజెక్షన్లు కొందరికి వినికిడిని శాశ్వతంగా పోగొట్టేవి. 2024లో భారత ప్రభుత్వం బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్‌లతో కూడిన ఆరు నెలల మాత్రల చికిత్సను ఆమోదించింది. అయితే లినెజోలిడ్ రక్తహీనతను, పాదాలలో తిమ్మిరిని, చూపు మందగించడాన్ని కలిగించవచ్చు. బెడాక్విలిన్ వాడేవారికి ఈసీజీ పరీక్షలు అవసరం. తిరువూరు ప్రాంతంలోని వినగడప వంటి గ్రామాల వ్యవసాయ కూలీలు పరీక్షల కోసం పట్టణానికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. మందులు ఉచితమైనా ఈ నష్టం, వాంతులు, ఇరుగుపొరుగుకు తెలుస్తుందనే భయం కలిసి చికిత్సను మధ్యలో ఆపిస్తాయి. అప్పుడు కొత్త మందులకు సైతం నిరోధకత ఏర్పడే ప్రమాదముంది. పోషకాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలుగా ఇచ్చిన సహాయాన్ని కేంద్రం 2024లో 1000 రూపాయలకు పెంచింది.

నివారణ

మొదటిసారి సోకిన సాధారణ క్షయను పూర్తిగా నయం చేయడమే ముఖ్య నివారణ. రోగితో కలిసి నివసించేవారికి పరీక్షలు చేయించాలి. ఇంట్లో గాలి, వెలుతురు ఉండాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలి. దుష్ఫలితాలు కనిపిస్తే మందులు సొంతంగా మానకుండా వైద్యుని సంప్రదించాలి.