రైలు ఛార్జీ ఎంత ఉంటే న్యాయం? కెనడా గోధుమ రైతుల 100 ఏళ్ల గొడవ

మీ వంటింట్లో మైసూర్ పప్పు ఉందా? అందులో కొంత కెనడాలోని సస్కాచెవాన్ నుంచి వచ్చి ఉండొచ్చు. ఆ పప్పు వెనక ఒక రైలు ఛార్జీ గొడవ ఉంది. ఈ రోజు ఆ కథే.

1885లో కెనడియన్ పసిఫిక్ రైల్వే లైను పూర్తయింది. దానికోసం ప్రభుత్వం ఆ కంపెనీకి 2.5 కోట్ల డాలర్లు, 2.5 కోట్ల ఎకరాల భూమి ఇచ్చింది. పైగా ఆ లైనుకీ అమెరికా సరిహద్దుకీ మధ్య 20 ఏళ్ల వరకు పోటీ లైను రానివ్వమని మాటిచ్చింది. మానిటోబా జనం తిరగబడితే 1888లో ఆ షరతు ఎత్తేశారు.

ఇందులో రైతుకి ఏంటి నష్టం? సింపుల్. అప్పట్లో గోధుమ ధర తేలేది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ మార్కెట్లో. అక్కడి రేటులోంచి ఓడ ఖర్చు, రైలు ఖర్చు తీసేస్తే మిగిలేదే రైతుది. సముద్రమేమో వేల కిలోమీటర్ల దూరం. ఊరికి ఉన్నది ఒకటే రైలు. వాళ్లు ఎంతంటే అంత కట్టాలి, లేదంటే పంట ఇంట్లోనే ఉంచుకోవాలి.

1897లో కంపెనీకి ప్రభుత్వంతో పని పడింది. క్రోస్ నెస్ట్ కనుమ మీదుగా బ్రిటిష్ కొలంబియా గనుల వైపు కొత్త లైను వేయాలి. ప్రభుత్వం సుమారు 33 లక్షల డాలర్ల సాయానికి ఒప్పుకుని, బదులుగా ఒకటి అడిగింది: తూర్పుకు వెళ్లే ధాన్యం, పిండి మీద ప్రతి 100 పౌన్లకి 3 సెంట్లు తగ్గించాలి. దీనికే 'క్రో రేటు' అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో ఆగినా, 1925లో ధాన్యం రేటుని ఏకంగా చట్టంగా మార్చేశారు. గడువు లేదు.

నిజం చెప్తున్నా, ఇక్కడి దాకా చదివి "రైతు గెలిచాడు, కథ అయిపోయింది" అనుకున్నాను. కాలేదు.

డీజిల్ పెరిగింది, జీతాలు పెరిగాయి. ధాన్యం ఛార్జీ మాత్రం అక్కడే ఉండిపోయింది. 1970లు వచ్చేసరికి ధాన్యం మోస్తే నష్టమే అని కంపెనీలు పల్లె లైన్ల మీద ఖర్చు పెట్టడం తగ్గించేశాయి. ధాన్యం వ్యాగన్లు ప్రభుత్వమే కొనివ్వాల్సి వచ్చింది. ఛార్జీ చవకే, కానీ బండి టైంకి రాకపోతే రైతుకి ఏం లాభం? పశువులు పెంచేవాళ్లకి ఇంకో బాధ. ధాన్యం బయటికి పంపడం చవక కాబట్టి దాణా వాళ్లకి ప్రియమైంది.

1983లో కొత్త చట్టం తెచ్చి పాత రేటు తీసేశారు. కొన్నేళ్లు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి, 1995లో అదీ ఆపేసింది. పరిహారంగా 160 కోట్ల డాలర్లు ఇచ్చారు, అదీ భూమి యజమానులకి. మొత్తం కిరాయి భారం రైతు నెత్తిన పడింది. చాలా పల్లె లైన్లు మూతపడ్డాయి, ఊళ్లలో ధాన్యం గోదాములు కూల్చేశారు. ఇంటి పక్కనే పంట అమ్ముకున్న మనిషి లారీ వేసుకుని దూరం పోవాల్సి వచ్చింది.

గోధుమ పంపడం ఖరీదయ్యాక చాలామంది రైతులు కనోలా, బఠానీ, మైసూర్ పప్పు వైపు మళ్లారు. దీనికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఛార్జీ ఒక పెద్ద తోపు. మన వంటింటి లింకు ఇదే.

2000లో ఇంకో పద్ధతి వచ్చింది. రెండు పెద్ద రైల్వేలు పశ్చిమ ధాన్యం మీద ఏడాదికి మొత్తం ఎంత సంపాదించొచ్చో ఒక హద్దు పెట్టారు. ఖర్చులు మారితే హద్దూ మారుతుంది. దాటితే ఎక్కువైన డబ్బు, పైన జరిమానా కట్టాలి. ఆ సొమ్ము పంటల పరిశోధనకి వెళ్తుంది.

నాకు అర్థమైంది ఇది. రేటు కంపెనీ ఇష్టానికి వదిలేస్తే రైతు మునిగాడు. రాయి మీద చెక్కినట్టు ఆపేస్తే రైలే పాడైంది, ఆ దెబ్బా చివరికి రైతుకే తగిలింది. ఒకసారి తేల్చేసి వదిలేస్తే అది న్యాయం కాదు. ఏటా లెక్క చూడాలి, ఆ లెక్క అందరికీ కనపడాలి.

మీరేమంటారు? పంట కిరాయి ఎవరు తేల్చాలి? ఇంట్లో వ్యవసాయం చేసేవాళ్లుంటే ముందు వాళ్లని అడగండి. మళ్లీ కలుద్దాం.